అద్దింటి తలుపు తాళం పాడైతే ఖర్చు ఎవరిది? బరంపురం, రాయగడ, చాందా (చంద్రపూర్) వైపు వాళ్లు చెప్పండి

కోర్టుపేట_కుర్రాడు
అందరికీ నమస్కారం. బరంపురంలో అద్దెకుంటున్నాం, మొదటి అంతస్తు, రెండు గదుల పోర్షను. మెయిన్ డోర్‌కి తలుపులోనే బిగించిన తాళం. మేము దిగిన రోజు నుంచీ అది మొండికేస్తోంది, ఒక చేత్తో తలుపు కాస్త పైకెత్తి పట్టుకుని రెండో చేత్తో తిప్పితే గానీ తిరిగేది కాదు. అప్పుడే ఓనరుకి (మౌసా అని పిలుస్తాం) వాట్సాప్‌లో వీడియో తీసి పెట్టాను, "నూనె వెయ్యి బాబూ" అన్నారు, వేశాను. మొన్న నైట్ డ్యూటీ దిగి వచ్చి తిప్పితే తాళంచెవి సగానికి విరిగి లోపల ఉండిపోయింది. ఆ టైములో మౌసా ఫోన్ ఎత్తలేదు. తెలిసిన వాళ్లని పట్టుకుని ఒక మిస్త్రీని పిలిపిస్తే ఆయన ముక్క లాగడానికి చూసి చూసి చివరికి డ్రిల్ పెట్టి పగలగొట్టాడు. రాత్రి పూట వచ్చినందుకు ఆయనకి 900, మర్నాడు కొత్త తాళం, బిగింపు కలిపి 1,850. ఇప్పుడు మౌసా అనేది, విరిచింది నువ్వు, పైగా నన్ను అడక్కుండా నా తలుపు పగలగొట్టించావు, నేనెందుకివ్వాలి అని. అద్దెలో పట్టుకుంటే ఖాళీ చెయ్యమంటారేమోనని టెన్షన్. అసలు న్యాయం ఏంటి?

పెద్దబజారు
న్యాయం సంగతి తర్వాత, 900 ఎక్కువే తీసుకున్నాడు తమ్ముడూ. కానీ అర్ధరాత్రి బేరమాడే ఓపిక ఎవరికుంటుంది.

నా ఉద్దేశంలో ఓనరే ఇవ్వాలి. తలుపుకి బిగించి ఉన్న తాళం ఇంటిలో భాగం, ఫ్యానో బల్బో కాదు గదా. వీడియో పెట్టావన్నావు చూడు, అదే నీ బలం, డిలీట్ చెయ్యకు.

ఇంటిగలామె
నేను ఓనర్ని, కాబట్టి అందరూ తిట్టుకోవచ్చు. నాకు రాయగడలో మూడు పోర్షన్లున్నాయి. తాళాలు ఎప్పుడూ ఓనరు మీదే వేస్తారు గానీ, అద్దెకున్న వాళ్లు ఆ తాళాన్ని ఎలా వాడతారో నేను చూశాను. తాళంచెవి గుత్తికి గణపతి బొమ్మ, సీసా మూత తీసేది, స్కూటర్ తాళం, ఆఫీసు బీరువా తాళం, అన్నీ కలిపి పావుకిలో బరువు వేలాడదీసి తలుపుకే వదిలేస్తారు. పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతారు. చివరికి పాడైతే "పాత తాళం ఆంటీ" అంటారు. ఈ అబ్బాయి విషయంలో ముందే చెప్పాడు కాబట్టి నేనైతే ఇచ్చేదాన్ని. కానీ ఓనరంటే ఇవ్వాల్సిందే అన్న మాట నేను ఒప్పుకోను.

రాయగడ_ప్యాసింజర్
ఇంటిగలామె గారు, మా ఇంటి ఓనరమ్మ మీరు కాదు గదా 😅 గుత్తికి గణపతి బొమ్మ మాదీ ఉంది.

మా వైపు రైల్వే వాళ్లం ఎక్కువ, ట్రాన్స్‌ఫర్లు ఎక్కువ. పాత ఇళ్లలో ఈ గొడవే లేదు. గొళ్లెం ఉంటుంది, తాళంకప్ప మనమే కొనుక్కుని తెచ్చుకుంటాం, పోయేటప్పుడు మనమే పట్టుకుపోతాం. కప్ప పాడైతే మన ఖర్చు, గొళ్లెం ఊడితే ఓనరు ఖర్చు, ఎవరూ ఎవర్నీ అడగరు. ఈ కొత్త అపార్ట్‌మెంట్లలో తలుపులోనే తాళం పెట్టడం మొదలయ్యాకే ఇదంతా వచ్చింది.

ప్లీడరు_గుమాస్తా
రాయగడ ప్యాసింజర్ గారు మాటల్లో చెప్పింది చట్టంలో కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఒడిశాలో రాతకోతల్లేని మామూలు అద్దెలకి చివరికి చూసేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులో 108వ సెక్షను. ఆ సెక్షను మొదటి వాక్యమే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడు అని మొదలవుతుంది. అంటే ముందు కాగితం చూడాలి, తర్వాత ఆ ఊళ్లో అలవాటు చూడాలి, ఆ రెండూ లేకపోతేనే కింద రాసిన నియమాలు.

నియమాల్లో తాళం గొడవకి పనికొచ్చేవి రెండు. ఒకటి, అద్దెదారు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా తిరిగి అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, ఎవరూ ఆపలేని శక్తి వల్ల వచ్చిన నష్టం మాత్రం మినహాయింపు. రెండు, ఓనరు చేయించాల్సిన రిపేరు నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ఇక్కడ మెలిక ఉంది, "ఓనరు చేయించాల్సిన" రిపేరు అయి ఉండాలి. రిపేర్లన్నీ ఓనరువే అని ఆ చట్టం ఎక్కడా చెప్పదు, అది మళ్లీ ఒప్పందమో అలవాటో చెప్పాలి. అందుకని కోర్టుపేట కుర్రాడు గారూ, మీ అగ్రిమెంటులో ఏముందో ముందు చూడండి.

కోర్టుపేట_కుర్రాడు
అగ్రిమెంటు ఒడియాలో ఉంది సార్. నాకు మాట్లాడటం వచ్చు, చదవడం అంతంతమాత్రం. స్టాంపు పేపరు మీద 11 నెలలకి రాశారు, సంతకం పెట్టమంటే పెట్టాను.

పర్లాకిమిడి_పంతులమ్మ
అందరం అంతేనమ్మా. బ్రోకరు దగ్గర ఒకటే నమూనా ఉంటుంది, పేర్లూ అద్దె మార్చి ప్రింటు తీస్తాడు. మీ పక్కింటి పిల్లలు హైస్కూలుకి వెళ్లే వాళ్లుంటే కూర్చోబెట్టి చదివించండి, పది నిమిషాల పని. "మరమ్మతు" దగ్గర ఏం రాశారో అదొక్కటి చూడండి చాలు.

పెద్దబజారు
11 నెలలు ఎందుకు పెడతారంటే ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి, ఖర్చు. అంతే. అందులో చట్టపరమైన మంత్రం ఏం లేదు.

చాందా_బొగ్గు
మహారాష్ట్ర వైపు అలా కుదరదండి. మేము చంద్రపూర్‌లో ఉంటాం, ఇక్కడ 1999 అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షను ప్రకారం ఎన్ని నెలలకైనా అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండి రిజిస్టర్ అయి తీరాలి, చేయించే బాధ్యత ఓనరుది. చేయించకపోతే గొడవ వచ్చినప్పుడు ఏ షరతుల మీద అద్దెకిచ్చారో అద్దెదారు చెప్పిందే నిజమని ముందు తీసుకుంటారు, కాదని ఓనరే నిరూపించుకోవాలి.

రిపేర్లకి కూడా ఇక్కడ 14వ సెక్షను ఉంది, ఇల్లు బాగుండేలా చూడటం ఓనరు పని. 15 రోజులకి తక్కువ కాకుండా నోటీసు ఇచ్చాక కూడా చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, ఏడాది మొత్తం అద్దెలో నాలుగో వంతు దాటకూడదు. అయితే ఈ చట్టం షెడ్యూలులో ఉన్న పట్టణాలకే, ప్రతి పల్లెకీ కాదు.

ఇంత తెలిసీ నేను ఏం చేశానంటారా, బల్లార్షాలో ఉన్నప్పుడు తాళం పోతే నోరు మూసుకుని నేనే కొన్నాను. ఓనరు కాకా మంచివాడు, ఎండాకాలం నీళ్లు లేనప్పుడు సొంత డబ్బుతో ట్యాంకరు తెప్పించేవాడు. ఆయనతో తాళానికి తగువెందుకు.

సిరొంచ_గట్టు
15 రోజుల నోటీసు ఇచ్చి 15 రోజులు మెట్ల మీద పడుకోవాలా? చెవి విరిగిన వాడు ఆ రాత్రే లోపలికి వెళ్లాలి గదా.

ప్లీడరు_గుమాస్తా
అందుకే రెండు ఖర్చులు విడదీయమంటాను. ఆ రాత్రి తలుపు తెరిపించింది అత్యవసరం, దానికి ముందస్తు అనుమతి కావాలనడం న్యాయం కాదు, ఫోన్ చేశాడు, ఎత్తలేదు, కాల్ లిస్టులో ఉంటుంది. మర్నాడు కొత్త తాళం కొన్నది మాత్రం అడిగి కొనుంటే బాగుండేది. ఎందుకంటే ఓనరు తక్కువ ధరది చాలు అనొచ్చు, లేదా తన దగ్గరే ఒకటుంది అనొచ్చు.

తాళాలకొట్టు
ఇంతసేపు లా పాయింట్లే నడుస్తున్నాయి, తాళం గురించి ఎవరూ అడగడం లేదు. నాది హార్డ్‌వేర్ కొట్టు, తాళాలు అమ్ముతాను, బిగిస్తాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తా, విసుక్కోకండి.

తలుపు పైకెత్తి పట్టుకుంటే గానీ తిరగడం లేదు అన్నాడు చూశారా, అక్కడే అర్థమైపోయింది, పాడైంది తాళం కాదు, తలుపు. పై బందు స్క్రూలు వదులైతే తలుపు చివర కిందికి వాలుతుంది, అప్పుడు తాళంలోంచి బయటికొచ్చే నాలుక చౌకట్టులో ఉన్న రేకు కన్నంలోకి సూటిగా పోదు, అంచుకి రాసుకుంటుంది. వానాకాలం చెక్క ఉబ్బినా ఇదే కథ, మా దగ్గర జూలై నుంచి దసరా దాకా వచ్చే "తాళం పాడైంది" ఫోన్లలో చాలా వరకు తలుపుల గొడవలే. ఆ ఒత్తిడంతా ఎవరి మీద పడుతుంది, సన్నటి ఇత్తడి తాళంచెవి మీద. రోజూ కాస్త కాస్త మెలితిరిగి మెడ దగ్గర గీత పడుతుంది, ఒకరోజు విరుగుతుంది. పరీక్ష సులువు. తలుపు తెరిచి పట్టుకుని తాళం తిప్పండి. గాలిలో నాలుక హాయిగా బయటికీ లోపలికీ వస్తోందంటే తాళానికి ఏ రోగమూ లేదు. బందు స్క్రూలు బిగించి, రేకు కన్నం కొంచెం ఆకురాయితో గీస్తే అయిపోతుంది, వంద రెండొందల పని. బందులూ చౌకట్టూ ఎవరివి? ఓనరువి. ఇంక మీరే తేల్చుకోండి.

రెండో సంగతి నూనె. కొబ్బరినూనె, వంటనూనె పోస్తారు, ఒక వారం బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి లోపల జిగురవుతుంది. సిలిండర్ తాళానికి, అంటే చెవి దూర్చే గొట్టం లాంటి ముక్క ఉన్న తాళానికి, గ్రాఫైట్ పొడి వెయ్యాలి, లేదంటే పెన్సిల్ ముల్లు తాళంచెవి గాట్ల మీద బాగా రుద్ది లోపలికీ బయటికీ ఆడించండి, అదే పని చేస్తుంది.

మూడోది, ఓనరు మీకిచ్చే తాళంచెవి చాలాసార్లు ఒరిజినల్ కాదు. ముందున్న వాళ్లు పోగొట్టుకున్నారని చేయించిన డూప్లికేటు, దాన్ని చూసి చేయించిన ఇంకో డూప్లికేటు. జెరాక్సుకి జెరాక్సు తీసినట్టే, ప్రతిసారీ గాటు కొంచెం తేడా వస్తుంది, లోపల పిన్నులు సరిగ్గా ఒక వరసలోకి లేవవు, మీరు బలం పెట్టి తిప్పుతారు. ఇల్లు తీసుకునేటప్పుడే కంపెనీ అచ్చు ఉన్న చెవి అడగండి.

సముద్రపుగాలి
గోపాల్‌పూర్ దగ్గర ఉంటే ఇంకొకటి కలపండి, ఉప్పుగాలి. ఇనుప కప్పలు ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి పట్టేస్తాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తీరం దాటింది మా దగ్గరే, ఆ తర్వాత వీధి వీధంతా తలుపులు ఉబ్బిపోయి తాళాలు రావడం లేదని ఒకటే గోల. అప్పుడు మా ఓనరు అద్దెకున్న ఇళ్లన్నింటికీ తనే మార్పించాడు, ఎవరూ అడగలేదు కూడా. ప్లీడరు గుమాస్తా గారు చెప్పిన "ఎవరూ ఆపలేని శక్తి" అంటే తుఫానే గదా?

ప్లీడరు_గుమాస్తా
దానికి మంచి ఉదాహరణే. అద్దెదారు మీద వెయ్యడానికి వీల్లేనిది. అలాగని ఓనరు తప్పనిసరిగా చేయించాలని దాని అర్థం కాదు, అద్దెదారు బాధ్యత కాదని మాత్రమే. మీ ఓనరు పెద్దమనిషి.

రాయగడ_ప్యాసింజర్
నా సందేహం. నెట్‌లో ఎక్కడో చదివాను, కేంద్రం కొత్త అద్దె చట్టం తెచ్చింది, అందులో తాళాలు అద్దెదారు ఖర్చు అని రాసేశారట. నిజమా?

ప్లీడరు_గుమాస్తా
సగం నిజం. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది నమూనా అద్దె చట్టం. నమూనా అంటే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది, అదీ ఆ తర్వాత రాసుకున్న అగ్రిమెంట్లకి. దాని రెండో షెడ్యూలులో ఎవరి పనులేంటో జాబితా ఇచ్చారు. ఇంటి నిర్మాణానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకి సున్నాలు, తలుపులకీ కిటికీలకీ రంగులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరువి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు రిపేరు, కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెదారువి. ఆ రెండో జాబితాలోనే తలుపులు, అల్మరాలు, కిటికీల నాబ్‌లు, తాళాలు మార్చడం కూడా ఉంది. అవును, అద్దెదారు మీదే. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే అని ఒక మాట ఉంది, అది మర్చిపోకూడదు.

ఇంటిగలామె
చూశారా. కేంద్రమే చెప్పింది.

పర్లాకిమిడి_పంతులమ్మ
అదే చట్టంలో అడ్వాన్సు రెండు నెలల అద్దె కంటే ఎక్కువ తీసుకోకూడదని కూడా ఉంది. మీరెంత తీసుకుంటారు ఆంటీ?

ఇంటిగలామె
మూడు నెలలు 🙂 సరే సరే, రాష్ట్రం చేసుకుంటేనే గదా అమలు.

తాళాలకొట్టు
ఆ జాబితా నాకు నచ్చలేదు. కుళాయి వాషరూ మెయిన్ డోర్ తాళమూ ఒకే గాటన కట్టారు. వాషరు పోతే నీళ్లు కారతాయి, మెయిన్ డోర్ తాళం పోతే ఇల్లే పోతుంది. లోపలి గది నాబ్ వేరు, వీధి తలుపు తాళం వేరు, ఆ తేడా అయినా చూపించాల్సింది.

పెద్దబజారు
నాకూ అదే అనిపించింది. ఇంకో మాట, అద్దెదారు డబ్బుతో 1,850 పెట్టి కొన్న తాళం ఆ తలుపులోనే ఉండిపోతుంది, అతను ఖాళీ చేసి వెళ్లాక వచ్చేవాడు వాడుకుంటాడు. ఖర్చు పెట్టింది నువ్వు, లాభం ఓనరుది. కనీసం సగమైనా ఇవ్వొద్దా.

దెగ్లూర్_దారి
నాందేడ్ జిల్లా నుంచి. మా తమ్ముడి సమస్య వేరు, ఇక్కడే అడుగుతా. రెండు నెలలు అద్దె ఆలస్యమైంది. ఊరెళ్లి వచ్చేసరికి ఓనరు వాళ్ల తాళం మీద తన తాళంకప్ప ఇంకొకటి వేసేశాడు. సామాన్లన్నీ లోపలే. "డబ్బు కట్టు, తాళం తీస్తా" అంటున్నాడు. దీన్ని మిస్త్రీ చేత పగలగొట్టించొచ్చా?

ప్లీడరు_గుమాస్తా
పగలగొట్టొద్దు. బాకీ ఉన్నంత మాత్రాన ఓనరు తనంతట తాను తాళం వెయ్యకూడదు, ఖాళీ చేయించాలన్నా కోర్టు ద్వారానే. కానీ మీవాడు ఆ కప్ప పగలగొడితే రేపు స్టేషన్లో కథ తిరగబడుతుంది, సామాను పోయిందనో తలుపు పాడుచేశాడనో ఎదురు ఫిర్యాదు వస్తుంది. ముందు ఆ తాళం ఫోటోలు తియ్యండి, రెండు తాళాలూ కనపడేలా. 112కి ఫోన్ చేసి స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి, చాలాసార్లు ఎస్సై పిలిచి మాట్లాడితే అక్కడే తెగిపోతుంది. తెగకపోతే 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటేస్తే తిరిగి స్వాధీనం ఇప్పించమని దావా వెయ్యొచ్చు. ఆరు నెలల లోపల వెయ్యాలి. ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న అందులో రాదు, ఎవరు ఉంటున్నారు, ఎలా వెళ్లగొట్టారు, అంతే చూస్తారు. ఈలోగా ఆ రెండు నెలల అద్దె బ్యాంకులోనో ఫోన్‌పే లోనో ఓనరుకి పంపించేయండి, రుజువు ఉంటుంది, మన వైపు తప్పు లేకుండా పోతుంది.

దెగ్లూర్_దారి
థాంక్స్ సార్. ముందు డబ్బు పంపిస్తాం.

జయపురం_జాను
నేను ఒంటరిగా ఉంటున్నాను, స్టాఫ్ నర్సుని. మా ఓనరు దగ్గర డూప్లికేటు ఉంది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు "ట్యాంకు చూడటానికి" లోపలికి వస్తారు. ఒకసారి వంటగదిలో నేను పెట్టిన చోటు కాక వేరే చోట గ్లాసు కనపడింది. అడిగితే నా ఇల్లు నేను చూసుకోకూడదా అన్నారు. తాళం నా ఖర్చుతోనే మార్చేద్దామనుకుంటున్నా, ఆ కొత్త చెవి ఆయనకివ్వాలా?

సముద్రపుగాలి
ఇవ్వకు అమ్మా. ముందు మార్చెయ్యి, తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంటిగలామె
ఓనర్నే అయినా చెబుతున్నా, అద్దెకిచ్చాక చెప్పకుండా వెళ్లడం తప్పు. మా పోర్షన్లకి డూప్లికేట్లు నా దగ్గరా ఉన్నాయి, కవర్లో పెట్టి అంటించి అద్దెదారు చేత దాని మీద సంతకం పెట్టించి బీరువాలో పడేస్తాను. గ్యాసు లీకు, మంట, అలాంటిదొస్తేనే చింపాలి. కవరు చిరిగి ఉంటే అద్దెదారుకే తెలిసిపోతుంది. మీ ఓనర్ని అలా చెయ్యమని అడగండి.

ప్లీడరు_గుమాస్తా
ఇంటిగలామె గారి పద్ధతి బాగుంది. అద్దెకున్నంత కాలం అడ్డు లేకుండా ఆ ఇంట్లో ఉండే హక్కు నేను ముందు చెప్పిన 108వ సెక్షనులోనే ఉంది. మహారాష్ట్ర చట్టంలోనూ ఓనరు ఇల్లు చూసుకోవచ్చు గానీ ముందు చెప్పి, తగిన సమయంలో రావాలి. నమూనా చట్టం అయితే 24 గంటల ముందు నోటీసు అంటుంది, వాట్సాప్ లాంటి వాటిలో అయినా సరే. జాను గారూ, తాళం మార్చే ముందు ఒక మెసేజ్ పెట్టండి, "భద్రత కోసం నా ఖర్చుతో తాళం మారుస్తున్నాను, పాతది జాగ్రత్త చేస్తాను, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి ఇస్తాను" అని. అది చాలు.

తాళాలకొట్టు
జాను గారూ, తాళం మొత్తం మార్చనక్కర్లేదు. తలుపు తెరిచి దాని అంచు చూడండి, నాలుక కింద తాళంచెవి కన్నానికి ఎదురుగా ఒక స్క్రూ ఉంటుంది, పొడుగ్గా లోపలికి వెళ్తుంది. అలా ఉంటే మీది సిలిండర్ విడిగా వచ్చే రకం. ఆ స్క్రూ పూర్తిగా తీసేసి, తాళంచెవి పెట్టి కొంచెం, నిజంగా కొంచెమే తిప్పి పట్టుకుని లాగితే సిలిండర్ మొత్తం బయటికొచ్చేస్తుంది. దాని బదులు కొత్తది తోసి స్క్రూ బిగించడమే. హ్యాండిలు, నాలుక, లోపలి పెట్టె అన్నీ పాతవే ఉంటాయి, ఖర్చు చాలా తగ్గుతుంది. ఖాళీ చేసేటప్పుడు పాత సిలిండర్ తిరిగి పెట్టేసి మీది మీరు పట్టుకుపోవచ్చు. అప్పుడు ఎవరి ఖర్చు అన్న గొడవే ఉండదు.

తాళంకప్ప అయితే ఇంకా సులువు, మీది మీరు కొనుక్కోండి. లివర్లు (లోపల చెవి కదిలించే రేకులు) ఎక్కువున్నది తీసుకోండి, 6 అయినా 7 అయినా. అలీగఢ్ నుంచి వచ్చే సరుకులో మంచివీ ఉన్నాయి, రేకు డబ్బాలూ ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది.

చాందా_బొగ్గు
దొంగలు పగలగొడితే? మా వీధిలో వేసవి సెలవుల్లో వరసగా జరిగింది. ఎఫ్ఐఆర్ అయింది. గొళ్లెం మొత్తం పెకిలించారు. ఓనరు గొళ్లెం వేయించాడు, కప్ప మేము కొనుక్కున్నాం, మాటల్లేకుండా. కానీ పక్కింటి వాళ్లకి తలుపులోని తాళం పగిలింది, వాళ్లింకా కొట్టుకుంటున్నారు.

పెద్దబజారు
దొంగ అద్దెదారు పిలిస్తే రాలేదు గదా. అది ఓనరుదే అంటాను. ఊరెళుతూ తాళం వెయ్యడం మర్చిపోయి ఉంటే వేరు.

రాయగడ_ప్యాసింజర్
తాళంచెవి పోగొట్టుకుంటే మాత్రం అద్దెదారుదే, ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటా. నేను రెండు పోగొట్టాను, రెండూ నా డబ్బే.

ఇంటిగలామె
పోగొట్టిన వాళ్లు చెవి డబ్బులే ఇస్తారు. ఆ పోయిన చెవి ఎవరికి దొరికిందో ఎవరికి తెలుసు, సిలిండర్ కూడా మార్చాలి. అదీ వాళ్లదే.

సిరొంచ_గట్టు
మిస్త్రీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర మిస్త్రీ ఉండడు, మంచిర్యాల నుంచో చెన్నూరు నుంచో రావాలి, రానూపోనూ బండి ఖర్చు తాళం కంటే ఎక్కువ. ఒకాయనైతే నన్ను చూసి అసలు తలుపు తియ్యనన్నాడు, ఇది మీ ఇల్లేనని ఏంటి నమ్మకం అన్నాడు. ఆధార్‌లో పాత అడ్రసు. చివరికి ఓనరుకి వీడియో కాల్ చేసి చూపించాకే ముట్టుకున్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆలోచిస్తే అలాంటి మిస్త్రీయే కావాలి.

తాళాలకొట్టు
మేమూ అంతే చేస్తాం. ఓనరుతో మాట్లాడించమంటాం, లేదా పక్కింటి వాళ్లు చెప్పాలి. అడక్కుండా వచ్చి టకటకా తీసేసే వాడి నంబరు దాచుకోకండి.

చెవి ముక్క లోపల ఉండిపోతే ఫెవిక్విక్ పెట్టి లాగుదామని చూడొద్దు, యూట్యూబ్‌లో చూపిస్తారు, అతుక్కుపోయి డ్రిల్ తప్ప గత్యంతరం ఉండదు. సన్నటి పట్టకారుతోనో రంపం బ్లేడు ముక్కతోనో వస్తుంది, రాకపోతే ఆపెయ్యండి.

కోర్టుపేట_కుర్రాడు
అందరికీ థాంక్స్. అగ్రిమెంటు పక్కింటి పాపతో చదివించాను. చిన్న రిపేర్లు అద్దెదారు, పెద్దవి ఇంటి యజమాని అని మాత్రం ఉంది, తాళం ఎందులోకి వస్తుందో లేదు. తాళాలకొట్టు గారు చెప్పినట్టు కొత్త తాళం తలుపు తెరిచిపెట్టి తిప్పితే వెన్నలా తిరుగుతోంది, మూసి తిప్పితే ఇదీ రాసుకుంటోంది! పై బందు రెండు స్క్రూలు చేత్తోనే తిరుగుతున్నాయి. మౌసాని పైకి పిలిచి చూపించాను, కోప్పడకుండా పాత వీడియో కూడా చూపించాను. ఆయన కాసేపు తలుపు ఆడించి చూశారు. వడ్రంగిని ఆయనే పంపుతానన్నారు, 1,850 వచ్చే నెల అద్దెలో తగ్గించుకోమన్నారు. రాత్రి మిస్త్రీ 900 మాత్రం నన్నే పెట్టుకోమన్నారు. సరే అన్నాను.

పెద్దబజారు
900 కూడా అడగాల్సింది.

చాందా_బొగ్గు
వదిలెయ్ భాయ్, రోజూ మొహమొహాలు చూసుకోవాలి.

ప్లీడరు_గుమాస్తా
తగ్గించుకోమన్న మాట వాట్సాప్‌లో ఆయన చేత ఒక లైను పెట్టించుకోండి. లేదా మీరే "మీరు చెప్పినట్టు తాళం ఖర్చు 1,850 తగ్గించి మిగతా అద్దె పంపుతున్నాను" అని పెట్టి బిల్లు ఫోటో జత చెయ్యండి. వచ్చే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి: తలుపులో బిగించిన తాళం అరిగిపోయి పాడైతే యజమాని ఖర్చు, చెవి పోయినా విరగ్గొట్టినా అద్దెదారు ఖర్చు, ఇచ్చిన తాళంచెవులు ఇన్ని. చెవుల సంఖ్య తప్పకుండా రాయించండి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టేది దాని మీదే.

జయపురం_జాను
తాళాలకొట్టు గారూ, స్క్రూ తీశాను, సిలిండర్ వచ్చింది! కానీ ఇక్కడ కొట్లో ఏ సైజు అని అడిగారు, నాకు తెలియదు. 60, 70 అంటున్నారు.

తాళాలకొట్టు
అది మిల్లీమీటర్లలో పొడవమ్మా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. స్కేలు పెట్టి చూడండి. మధ్యలో స్క్రూ కన్నం ఉంటుంది గదా, అక్కణ్నుంచి రెండు వైపులా విడివిడిగా కూడా కొలవండి, కొన్నిటికి ఒక వైపు పొడుగు ఉంటుంది. అన్నిటికంటే మంచిది పాత సిలిండర్ సంచిలో వేసుకుని కొట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడం, కాకపోతే మీరు వెళ్లినంతసేపూ తలుపుకి తాళం ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి వెళ్లండి. బయటికి చూసే చివర తలుపు కంటే ముందుకి పొడుచుకు రాకూడదు, వస్తే దొంగకి పట్టు దొరుకుతుంది. ఆ పొడుగు స్క్రూ పారెయ్యకండి, కొత్త ప్యాకెట్‌లో వచ్చేది ఒక్కోసారి పొట్టిగా ఉంటుంది.